ఆర్డెన్ గంటలోని పేర్లు

పలాస జీడిపప్పు బజారులో మేడ మీది గది కూర్మారావు డిటెక్టివ్ ఆఫీసు. ఆయన సహాయకురాలు ప్రమోదిని ఇంకా తలుపులు పూర్తిగా తియ్యనే లేదు, ఒక ఆడమనిషి మెట్లెక్కి వచ్చి గుమ్మంలోనే కూలబడింది.

"నా పేరు నయోమి బాబూ. తాళంచెవి ఆయన కాడుంటాదని మా నాన్నని దొంగంటన్నారు! ఆదివారంలోగా గంట దొరక్కపోతే సర్చి గదిలోంచి గెంటేత్తారట. కిడ్నీల జబ్బు మడిసి, ఎక్కడికెల్తాడు?"

ఆమె తండ్రి బర్నబా ఉద్దానంలో ఒక బాప్టిస్టు చర్చి గంట కొట్టే మనిషి. ఆ గంట 'ఆర్డెన్' అనే బ్రిటిష్ యుద్ధనౌకది. ఓడని తుక్కు కింద విడగొట్టినప్పుడు ఒక మిషనరీ దొర కొని తెచ్చాడట. ఇంగ్లండు నుంచి ఒక రిటైర్డు నౌకాదళ అధికారి ఆదివారం దాన్ని చూడవస్తున్నాడు. ఇంతలో శుక్రవారం గంట మాయం.

నౌకాదళంలో పనిచేసి వచ్చిన కూర్మారావుకి ఓడ మాట చెవిన పడితే ఇంక కాలు నిలవదు. ఆ పూటే ముగ్గురూ కొబ్బరితోటల మధ్య ఉన్న చర్చికి చేరారు.

గుమ్మం తాళం చెక్కుచెదరలేదు. గోపురంలో గంట తాడు మాత్రం వేలాడుతోంది.

"తాళంచెవి ఎవరి దగ్గరుంది?" అన్నాడు కూర్మారావు.

బర్నబా వాచిన కాళ్ళతో నిలబడలేక గోడకి ఆనుకున్నాడు. "కూతురింట్లో మేకుకి తగిలించి ఇశాపట్నం ఆసుపత్రికెల్లాను బాబూ. వచ్చి సూత్తే ఏసిన తాళం ఏసినట్టే ఉంది. గంట లేదు."

"ఈ రాయి ఏమిటి?"

గోడలో నల్లరాయి పలక. దానిమీద తెలుగులో నాలుగు పేర్లు. చివరిది 'ఫ్లోరెన్స్ గ్రే – 1909'. మిగతావాటి పక్కనా ఆ చుట్టుపక్కల సంవత్సరాలే.

"గంట లోపల సెక్కున్న పేర్లు బాబూ. యుద్ధంలో సచ్చిపోయినోళ్ళట. మా అల్లుడే సదివి సెప్పాడు. పదేళ్ళ బట్టి ఏటేటా ఆళ్ళకి సావుగంట కొడతన్నాను."

అల్లుడు అనిల్ కుమార్ టెక్కలి కాలేజీలో చరిత్ర లెక్చరర్, చర్చి కార్యదర్శి. ఆర్డెన్ చరిత్ర పుస్తకంగా వేసినవాడు. అడగడమే ఆలస్యం, గడగడా చెప్పేశాడు. "1906లో నీళ్ళలోకి దిగిందండీ. ఎనిమిదేళ్ళు మధ్యధరా సముద్రంలో ఉత్త పహారా, ఒక్క గుండు పేల్చలేదు. మొట్టమొదట యుద్ధంలోకి దిగింది 1915లో, టర్కీలోని డార్డనెల్స్ జలసంధి దగ్గర."

"ఆదివారం కార్యక్రమం?"

"పొద్దున్నే బాప్తిస్మాలు. లోపల ముంచే తొట్టి బీటలిచ్చింది కదాని ఈసారి సముద్రంలో పెట్టించాను."

ప్రసంగ వేదిక ముందు నేలలో చెక్క పలకలు పరిచి ఉన్నాయి. వాటి కిందే తొట్టి. కూర్మారావు వాటికేసి ఒక్కసారి చూసి ఊరుకున్నాడు. ప్రమోదినికి ఆయన ఊరుకోవడం అంటేనే భయం. ఏదో దొరికిందన్నమాట!

ఆదివారం పొద్దున్న సంఘమంతా సముద్రానికి బయల్దేరబోతుంటే కూర్మారావు ఆపాడు. "ముందు ఆ తొట్టి ఒకసారి చూద్దాం."

పలకలు ఎత్తారు. సిమెంటు తొట్టికి ఒక్క బీటా లేదు. అడుగున గోనెసంచుల్లో గంట! నయోమి నోటి మీద చెయ్యి వేసుకుంది.

"తాళం విరగలేదు కాబట్టి చెవి ఉన్న ఇంటివాళ్ళే తీశారు," అన్నాడు కూర్మారావు. "ఆ రోజు బర్నబా విశాఖలో ఉన్నాడు. ఈ తొట్టి జోలికి ఎవరూ రాకుండా బాప్తిస్మాలు సముద్రానికి మార్చింది అనిల్ కుమార్."

"మా ఆయనకి గంటతో ఏం పని?" అని అరిచింది నయోమి.

"యుద్ధమే చూడని ఏళ్ళలో యుద్ధమృతులు ఎలా ఉంటారమ్మా? పైగా ఫ్లోరెన్స్ ఆడపిల్ల పేరు. బ్రిటిష్ నౌకాదళంలో ఒక ఆచారం ఉంది. ఓడ మీద పసిబిడ్డకి బాప్తిస్మం ఇవ్వాలంటే గంట తిరగేసి అందులో నీళ్ళు పోస్తారు. ఆ బిడ్డ పేరు గంట లోపల చెక్కుతారు. మీరు పెద్దవాళ్ళని నిలువునా నీళ్ళలో ముంచే బాప్టిస్టులు. పసిబిడ్డ బాప్తిస్మం మీ ఊహకి రాలేదు. ఇవాళ వచ్చే దొరకి రాతిమీద తెలుగు రాదు. ఆ ఆచారం తెలిసిన ఆయన గంట లోపల చూస్తే మాత్రం అంతా బయటపడుతుంది."

అనిల్ కుమార్ తల ఎత్తలేదు. "పోయిన నెలే తెలిసింది. నా మాట నమ్మి ఊరంతా రాయి వేయించింది. ఆ దొర నవ్వితే నేను మళ్ళీ ఇక్కడ ముఖం ఎత్తుకోగలనా? ఆయన వెళ్ళాక తిరిగి పెట్టేద్దామనుకున్నాను."

"మా నాన్నని అందరూ దొంగంటంటే పక్కనే నిలబడ్డావు," అంది నయోమి. "డిటెక్టివు దగ్గరికని నన్ను పలాస బస్సు ఎక్కించింది కూడా నువ్వే కదా!"

ప్రమోదిని ఇన్ని కేసులు చూసింది గాని ఇంత చల్లగా చేసిన పని చూడలేదు.

బర్నబా మాత్రం ఎవరినీ పట్టించుకోలేదు. తొట్టి గట్టు మీద కూర్చుని, వంగి, గంట లోపలి అక్షరాలు వేలితో తడుముతున్నాడు.

"ఈ పిల్ల సావలేదా బాబూ?"

"ఆ ఏడే పుట్టింది తాతా," అంది ప్రమోదిని.

ముసలాయన చెయ్యి ఆగిపోయింది. అల్లుడికేసి తిరిగాడు.

"నన్ను దొంగని సేసేవు, పోనీలే. కళ్ళు తెరిసిన పసిగుడ్లకి పదేళ్ళు నా సేత్తో సావుగంట కొట్టించేవు కదా అల్లుడూ!"

బయట దొర కారు వచ్చి ఆగింది. ఎదురెళ్ళడానికి ఒక్కరూ కదలలేదు.