నేల మీద పెట్టని కుండ

చీఫ్ జాన్ పాల్ టేబుల్ మీద రెండు ఫొటోలు పెట్టాడు. మొదటిది చూసి కిరీటి తల ఊపాడు. రెండోది చూడగానే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

బెంజ్ సర్కిల్ వెనక సందులో, రెండో అంతస్తు. బయట ‘హంసయాన ట్రావెల్స్’ అని బోర్డు. తిరుపతి టిక్కెట్ల కోసం ఎవరైనా పొరపాటున మెట్లెక్కి వస్తే బస్సులన్నీ ఫుల్ అని చెప్పి పంపేస్తారు. ఆ ఆఫీసు తెరిచిన నాటి నుంచి అక్కడ ఒక్క సీటూ ఖాళీ లేదు.

“కోస్టల్ రాడార్ కోడ్స్ అన్నీ ఒకే చిప్‌లో లీకయ్యాయి,” అన్నాడు చీఫ్. “ఇవాళ సాయంత్రం ఆ చిప్ సముద్రం దాటాలని విదేశీ ముఠా ప్లాన్. హంసలదీవి దగ్గర, కృష్ణ సముద్రంలో కలిసే చోట, బోటు రెడీగా ఉంటుంది.”

“ఏ దారిన తీసుకెళ్తారు?”

“భట్టిప్రోలు, ఘంటసాల, అక్కణ్ణుంచి సంగమం. స్తూపాలు చూసే టూరిస్టుల వేషం. ఇంతవరకే సాయిశ్రీ చెప్పగలిగింది. ఆ తర్వాత మాటా పలుకూ లేదు.”

మొదటి ఫొటో సాయిశ్రీది. నల్ల కళ్ళద్దాలు, నవ్వీ నవ్వని పెదవి. ముఠాలోకి మనవాళ్ళు పంపిన ఏజెంట్. ముఠావాళ్ళు మాత్రం ఆమెను మనలోకి తామే పంపామనుకుంటున్నారు. ఇద్దరిలో ఎవరిది పొరపాటో ఇంకా తేలలేదు.

“ఆమె మనదే అయితే ‘వాన పడుతుందంటారా’ అని అడుగుతుంది. నువ్వు ‘గొడుగు మంగళగిరిలో మరిచిపోయాం’ అనాలి. అడగలేదా, చెయ్యి దాటిపోయిందనుకో.”

“మరి ఈవిడ?” రెండో ఫొటోని వేలితో ముట్టుకోకుండా చూపించాడు కిరీటి.

“నీ కవర్. ఒంటరి మగాడు స్తూపాలు చూస్తూ తిరిగితే ఎవరికైనా అనుమానమొస్తుంది. తల్లిలాంటి మనిషి పక్కనుంటే రాదు.”

“ఈవిడొద్దు సార్.”

“ఆవిడే అడిగిందయ్యా. మొగుడు తిప్పిన చోట్లన్నీ చూసి, సంగమంలో ఆయన అస్థికలు కలుపుతుందట. కొడుకుల్లేరు. మరిదేమో ఇవాళా రేపూ అంటూ ఏడాది దగ్గరికి తెచ్చాడట. కారు పంపమని ఆఫీసుకి ఫోన్ చేసింది. మనకి కవర్, ఆవిడకి పుణ్యం.”

పుణ్యం అన్న మాట దగ్గర కిరీటి ఫొటో మీంచి చూపు తిప్పేసుకున్నాడు.

ఆ ఫొటోలో ఉన్నది బుల్లెమ్మ. ఆమె భర్త బసవయ్య ఈ ఆఫీసు డ్రైవరు. టూరిస్టులను స్తూపాల చుట్టూ తిప్పుతూ, కారులో విన్న మాటలు ఆఫీసులో చెప్పేవాడు. అంతకు మించి ఏమీ చెయ్యనవసరం లేని మనిషి. పోయిన ఏడాది ఒక సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికి బయల్దేరుతుంటే కిరీటి ఆపాడు. “బసవయ్యగారూ, ఆ లారీ ఎటు పోతోందో కాస్త చూసి రండి. చిటికెలో పని.” బసవయ్య వెళ్ళాడు. ముందున్న లారీ ఆగి, రివర్స్‌లో వెనక్కి వచ్చింది. ఇంటికి మాత్రం ఆగిన లారీని గుద్దుకున్నాడని, యాక్సిడెంట్ అని కబురు వెళ్ళింది. ఆ కబురు మోసుకెళ్ళిందీ కిరీటే, ట్రావెల్స్ మేనేజర్ హోదాలో.

మంగళగిరిలో సందు మొదట్లోనే నిలబడి ఉంది బుల్లెమ్మ. ప్రహరీ బయట వేపకొమ్మకి వేలాడుతున్న చిన్న మట్టికుండను విప్పి చేతుల్లోకి తీసుకుంది. మూతికి తెల్లగుడ్డ కట్టి ఉంది.

“డిక్కీలో పెట్టమంటారా అమ్మా?”

బుల్లెమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. “ఆయన డ్రైవరు బాబూ. డిక్కీలో ఎక్కుతాడా?”

ముందు సీట్లో కూర్చుని కుండను ఒళ్ళో పెట్టుకుంది. “దీన్ని కింద పెట్టకూడదు. ఇంట్లోకి తీసుకెళ్ళకూడదు. ఆగినచోటల్లా చెట్టుకి కట్టుకోవాలి. ఆ చెవిలో ఏంటది?”

ఇయర్‌పీస్ అది. “కాస్త వినపడదమ్మా,” అన్నాడు కిరీటి.

“ఈ వయసుకే? అయ్యో!” అని అక్కణ్ణుంచి దారి పొడుగునా ఆ చెవిలోకే గట్టిగా మాట్లాడింది. బెంజ్ సర్కిల్‌లో హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న చీఫ్ రెండుసార్లు కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు.

తెనాలి దాటాక పులిహోర డబ్బా తెరిచింది. స్టీరింగ్ వదల్లేడని తనే ఆకులో పెట్టి ముద్దలు అందించింది. “ఆయనకీ ఇట్లాగే పెట్టేదాన్ని. లోకమంతటికీ ఈ ఊళ్ళు చూపించాడు గానీ, నాకు చూపించడానికి తీరికే లేకపోయింది. మీ ఆఫీసువాళ్ళు మంచోళ్ళు బాబూ. పోయాక కూడా గుర్తు పెట్టుకున్నారు.”

కిరీటి ఇక చాలన్నాడు. పులుపెక్కువైందా అని అడిగింది. అవునన్నాడు. పాపం, ఆ పులిహోర మీద కూడా అబద్ధం చెప్పాడు.

భట్టిప్రోలులో కుండను గేటు పక్క చెట్టుకి కట్టి లోపలికి వెళ్ళారు. పచ్చగడ్డి మధ్య పెద్ద ఇటుకల దిబ్బ. ఇక్కడ తవ్వితే రాతి భరిణెల్లో ఎముకలు దొరికాయని కిరీటి చెప్పాడు.

“ఎవరివి?”

“బుద్ధుడివంటారమ్మా.”

బుల్లెమ్మ ముక్కున వేలేసుకుంది. “అంత మహానుభావుడివి కూడా నీళ్ళల్లో కలపలేదా! ఆయనకీ మరిదే దొరికాడా ఏంటి?”

అప్పుడే వెనక ఒక పెద్ద కారు ఆగింది. అందులోంచి నల్ల కళ్ళద్దాలు, తెల్లటి మంగళగిరి చీర దిగాయి. సాయిశ్రీ! చేతిలో మట్టికుండ, మూతికి తెల్లగుడ్డ. పక్కన సఫారీ సూటులో ఎత్తైన మనిషి.

“నమస్కారము. నా నామధేయము సంజీవరావు. ఈమె నా సోదరి. మా తండ్రిగారి అస్థికలను సంగమమునందు కలుపుటకు వెళ్ళుచున్నాము,” అన్నాడా మనిషి.

“వార్తలు చదువుతున్నట్టు మాట్లాడతాడేం బాబూ!” అని కిరీటి చెవిలో అరిచింది బుల్లెమ్మ.

కిరీటి సాయిశ్రీ మొహంలోకి చూశాడు. ఆకాశం నిండా మబ్బులు. అడగడానికి అంతకన్నా మంచి అదను ఉండదు. ఆమె వాన ఊసే ఎత్తలేదు. కొంగు సర్దుకుని స్తూపం వైపు నడిచింది. చెయ్యి దాటిపోయిందన్నమాట.

చేతి వాచీని ఆ కుండ దగ్గరికి పోనిచ్చాడు. చుట్టుపక్కల చిప్ ఉంటే ఆ వాచీ మణికట్టు మీద చురుక్కుమనాలి. చురుక్కుమనలేదు.

పెనుమూడి వంతెన మీద బుల్లెమ్మ కారు ఆపించుకుని, కింద పరుచుకున్న కృష్ణను, లంకల్లోని అరటితోటలను కళ్ళారా చూసింది. ఘంటసాల స్తూపం చుట్టూ తిరిగి, నేల మీద ఇటుకల అమరికను చూసి నిలబడిపోయింది.

“బండిచక్రం లాగుంది కదూ? ఆకులూ, ఇరుసూ, అన్నీనూ. అందుకే ఆయనకి ఈ ఊరంటే ఇష్టం. ఏ చక్రం కిందైతేనేం, చివరికి...” అని ఆగి, కొంగుతో మొహం తుడుచుకుంది. కిరీటి పక్కకి తిరిగి, కళ్ళజోడులోని కెమెరాతో పెద్ద కారు నంబరు ఫొటో తీశాడు. చెయ్యడానికి ఒక పని ఉన్నందుకు సిగ్గుపడ్డాడు.

అవనిగడ్డ రోడ్డు మీద రావమ్మ హోటల్ దగ్గర రెండు కార్లూ ఆగాయి. బుల్లెమ్మ తన కుండను బయట వేపకొమ్మకి కట్టి లోపలికి వచ్చింది. సంజీవరావు మాత్రం తన కుండను లోపలికి తెచ్చి, ఇడ్లీ ప్లేట్ల మధ్య టేబుల్ మీద పెట్టి, చెంచా అడిగాడు.

హోటల్ మొత్తం ఒక్కసారిగా లేచి నిలబడింది. తినేవాళ్ళు చేతిలోది ప్లేట్లోనే వదిలేశారు.

“ఏమయ్యో! అది తెచ్చి తినేచోట పెడతావా? బుద్ధుందా లేదా? తియ్, తియ్! కట్టు చెట్టుకి!” అని గరిటె పట్టుకుని వచ్చింది రావమ్మ.

“క్షమించవలెను,” అంటూ సంజీవరావు కంగారుపడ్డాడు. సాయిశ్రీ గబుక్కున కుండ అందుకుని బయటికి నడిచింది. అతను ఆమె వెంటే వెళ్ళాడు. అందరూ టేబుల్ కడిగించే గొడవలో ఉన్నారు.

కిరీటికి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఏ ట్రైనింగ్ స్కూల్లో తెలుగు నేర్పారో గానీ, ఈ సంగతి నేర్పలేదు. ఇక్కడ పుట్టినవాడెవడూ తండ్రి ఎముకలను ఇడ్లీల పక్కన పెట్టడు. ఆ కుండలో తండ్రి లేడు.

బాత్రూమ్‌లోకి వెళ్ళి చీఫ్‌తో చెప్పాడు. “చిప్ వాడి కుండలో ఉంది. బీచ్ ముందు చెక్‌పోస్టులో పట్టుకోమనండి. నా కారు మాత్రం ఆపొద్దు. ఆవిడ కుండ మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు సార్.”

“అలాగే,” అన్నాడు చీఫ్. “ఆవిణ్ణి కాస్త మెల్లగా మాట్లాడమను.”

మళ్ళీ కారెక్కాక బుల్లెమ్మ కుండను ఒళ్ళో రెండు మూడుసార్లు అటూ ఇటూ సర్దుకుంది. తర్వాత కుండ మీద చెయ్యి వేసి మెల్లగా అంది.

“పొద్దుటికీ ఇప్పటికీ బరువెక్కాడు బాబూ. తొడలు లాగుతున్నాయి. రావడం ఇష్టం లేదేమో. మనసులో ఏదో ఉండిపోయిందేమో.”

ఆ మనసులో ఏముందో కిరీటికి తెలుసు. ఆ లారీ ఉంది. “చిటికెలో పని” అన్న తన మాట ఉంది. చూపు రోడ్డు మీంచి తిప్పకుండా, ఒళ్ళో ఉన్న కుండకేసి చూడకుండా నడిపాడు. చెక్‌పోస్టులో కానిస్టేబుల్ సెల్యూట్ కొట్టి గేటెత్తాడు.

మడచెట్లు దాటగానే ఇసుక. అటు గోధుమరంగు నది, ఇటు నీలం సముద్రం, మధ్యలో నురుగు గీత. దూరంగా ఒక బోటు. ఒడ్డుకి దగ్గర్లో మోకాళ్ళ లోతులో వలతో నిలబడ్డ ఒకే ఒక మనిషి.

బుల్లెమ్మ కుండ ఎత్తుకుని నీళ్ళలోకి దిగింది. కిరీటి ఒడ్డునే ఆగిపోయాడు. ఆ నీళ్ళలో కాలు పెట్టే మొహం తనకి లేదనిపించింది.

ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు మోగింది. “కిరీటీ, దెబ్బతిన్నాం. వాడి కుండ విప్పించాం. ఎముకలే! నిజమైన ఎముకలు! విప్పిన కానిస్టేబుల్ స్నానానికి పరిగెత్తాడు. ఎస్సై చేతులు జోడించి సారీ చెప్పి వదిలేశాడు. వాళ్ళిప్పుడు అక్కడికే వస్తున్నారు.”

కిరీటి నీళ్ళలో ఉన్న బుల్లెమ్మ వైపు చూశాడు. ఎముకలేమిటి? ఆ కుండలో తండ్రే లేడు కదా. మరి ఎవరి ఎముకలు?

బరువెక్కాడు బాబూ.

హోటల్ బయట ఒకే కొమ్మకి రెండు కుండలు. చిప్ సిగ్నల్ బయటికి రాకుండా సీసం చుట్టి ఉంటారు. అందుకే వాచీ పలకలేదు, అందుకే బరువు. చెక్‌పోస్టు దాటించింది ఎవరో కాదు, తనే! ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పిన మాటను, తన తప్పుకి బెదిరి, తన మీద మోపిన నేరం అనుకున్నాడు. చూడాల్సిన చోట చూడలేకపోయాడు.

ముసలామె కుండ వదలగానే ఆ వలమనిషి ఎత్తుకుంటాడు.

“అమ్మా! ఆగండి!” అంటూ నీళ్ళలోకి పరిగెత్తాడు. తన అనుమానం తప్పైతే? బతికున్నప్పుడు చావుకి పంపిన మనిషి ఎముకలను, ఇప్పుడు భార్య ఎదుటే పగలగొట్టినవాడవుతాడు. అడుగు తడబడింది. బుల్లెమ్మ చేతులు కుండను వదిలేశాయి. వల గాల్లోకి లేచింది.

కిరీటి దూకాడు. వల పడేలోపు కుండ అతని చేతికి చిక్కింది. పిడికిలితో ఒక్క గుద్దు గుద్దాడు.

“ఓరి నీ చేతులు పడిపోనూ!” అని బుల్లెమ్మ పెట్టిన కేకకి సీగల్స్ అన్నీ లేచిపోయాయి.

పెంకుల్లోంచి బూడిద, బూడిదలోంచి సీసపు డబ్బా. వలమనిషి వల వదిలేసి బోటు వైపు ఈదాడు. మడచెట్ల వెనక నుంచి, చీఫ్ ముందే కాపలా పెట్టిన మెరైన్ పోలీసుల స్పీడ్‌బోట్ దూసుకొచ్చింది.

“దానిని నాకిమ్ము.”

ఒడ్డున సంజీవరావు. చేతిలో పిస్టల్, గురి బుల్లెమ్మ తల మీద. పక్కనే సాయిశ్రీ, చంకలో కుండతో.

“వాన పడుతుందంటారా?” అంది సాయిశ్రీ.

కిరీటి చేతిలోని డబ్బా వదలకుండా ఆమె వైపు తిరిగాడు. “గొడుగు మంగళగిరిలో మరిచిపోయాం.”

సంజీవరావు ఆశ్చర్యంగా ఆమె వైపు తిరిగాడు. ఆమె చేతిలోని లిప్‌స్టిక్‌లోంచి కారం స్ప్రే అతని కళ్ళలోకి బుస్సుమంది. అతను మొహం పట్టుకుని ఇసుకలో పొర్లుతూ, మొదటిసారి సొంత భాషలో అరిచాడు.

“ఇంతాలస్యమా?” అన్నాడు కిరీటి.

“పొద్దుటి నుంచీ వాడు నా పక్కన్నుంచి కదిలితేగా? కొత్తవాళ్ళతో మాట కలిపితే చాలు, వాడికి అనుమానమే. కుండలు మారిస్తే పోలీసుల్ని తప్పించుకోవచ్చని వాడికి నూరిపోసి, చిప్ నీ కారులోకే చేర్చాను. విప్పి చూస్తావనుకున్నా.”

“అస్థికల కుండ ఎలా విప్పుతాను?”

“అలా విప్పలేని నీలాంటి వాళ్ళ మీదే వాళ్ళూ ఆశ పెట్టుకున్నారు.” సాయిశ్రీ నీళ్ళలోకి వచ్చి, చంకలోని కుండను బుల్లెమ్మకి రెండు చేతులా అందించింది. “ఇదీ మీది, అమ్మా. నేనూ ఈ దివిసీమ పిల్లనే. చెక్‌పోస్టులో తప్ప ఎక్కడా చెయ్యి వదల్లేదు. కింద పెట్టలేదు.”

బుల్లెమ్మ కుండను గుండెకి ఆనించుకుంది. బరువు చూసుకుంది. “ఈయనే,” అంది. తర్వాత కిరీటి వైపు తిరిగింది.

“నువ్వు ట్రావెల్స్ మేనేజరువి కాదు కదూ?”

“కాదమ్మా.”

“మరి మా ఆయన?”

“డ్రైవరేనమ్మా. చాలా మంచి డ్రైవరు.”

“అంత మంచి డ్రైవరు ఆగిన లారీని ఎట్లా గుద్దుకున్నాడు?”

“అమ్మా, ఆ లారీ...” అన్నాడు కిరీటి. ఏడాదిగా నేర్చుకున్న అబద్ధం అందలేదు. అల వచ్చి మోకాళ్ళు తడిపి వెళ్ళింది. బుల్లెమ్మ చెయ్యెత్తింది.

“ఇప్పుడొద్దులే. ఆయన చేతిలో ఉన్నాడు. ముందు ఈ పని కానీ. కొడుకుండాల్సిన చోటు ఇది. పట్టుకో.”

“నేను... నేను పట్టుకోకూడదమ్మా.”

“పట్టుకోమన్నానా!”

కిరీటి పట్టుకున్నాడు. నిజంగానే తేలిక. ఆవిడ చెప్పినట్టు మూడుసార్లు పేరు తలచుకుని నీళ్ళలోకి వదిలాడు. నది ఒక్క క్షణం అటూ ఇటూ ఊపి, సముద్రానికి అప్పగించింది.

“ఆయన్ని నీళ్ళలో కలిపినవాడివి నువ్వు,” అంది బుల్లెమ్మ, కొంగు పిండుకుంటూ. “ఏటేటా తద్దినానికి రావాలి. మొదటిది వచ్చే నెలే. ఆకు ముందు కూర్చోవాలి. ఆ లారీ సంగతి అప్పుడు చెబుదువుగాని. ఈ నాలుగు వారాల్లో ఎట్లా చెప్పాలో ఆలోచించుకుని రా.”

ఇయర్‌పీస్‌లో చీఫ్ ఉత్సాహంగా ఉన్నాడు. “శభాష్! వచ్చే నెల నీకు ఖాట్మండూ పోస్టింగ్. కొత్త పేరు, కొత్త పాస్‌పోర్టు.”

“కుదరదు సార్,” అన్నాడు కిరీటి. “వచ్చే నెల మంగళగిరిలో భోజనానికి పిలిచారు. ఏ పేరుతో వెళ్ళినా గుర్తుపడతారు.”