హెర్మిదా లోయలో పసుపు హెల్మెట్

"స్పెయిన్ వెళ్తున్నది అయాజ్" అన్నాడు జనార్దనరావు.

ఆంజనేయప్రసాద్ ముఖంలో ఏ మార్పూ కనబడలేదు. గూఢచారి ఉద్యోగం అతనికి నేర్పిన మొదటి విద్య అది. కడుపులో మాత్రం భగ్గుమంది.

తెనాలి గాంధీచౌక్ వెనక సందులో, హెల్మెట్లూ సీటు కవర్లూ అమ్మే షాపు మేడ మీద ఉంది ఆ గది. కింద జరిగేది నిజమైన వ్యాపారమే. పైన జరిగేది ఢిల్లీలో ఒకే ఒక్క ఆఫీసుకి తెలుసు. ఆ ఆఫీసు తరఫున కోస్తా సెక్షన్‌కి చీఫ్ జనార్దనరావు. గోడ మీద ప్రొజెక్టర్ వెలుగులో ఉత్తర స్పెయిన్ మ్యాపు పడుతోంది. పీకోస్ దె యూరోపా అనే సున్నపురాతి కొండలు. వాటి మధ్య ఎర్రగీతతో గీసిన మోటార్ సైకిల్ రూటు.

ఆ గీత గీసింది ప్రసాదే. సాంతాందేర్ రేవులో మొదలవుతుంది. లా హెర్మిదా లోయలో ఏటి పక్కనే మెలికలు తిరుగుతుంది. పోతెస్ అనే ఊరు దాటి సాన్ గ్లోరియో కనుమ ఎక్కి, కొవదోంగా సరస్సుల దగ్గర ఆగుతుంది. ప్రతి మలుపూ అతనికి కంఠతా వచ్చు. కృష్ణా డెల్టాలో పుట్టినవాడు ఎక్కగలిగిన కొండ రైల్వే ఓవర్‌బ్రిడ్జి ఒక్కటే. అందుకేనేమో, ఆ మ్యాపు ముందు కూర్చుంటే అతనికి అన్నం కూడా గుర్తుండేది కాదు.

"మార్కోస్ అనేవాడు బైక్ టూర్ల కంపెనీ పెట్టి మనవాళ్ళని ఆ కొండల్లో తిప్పుతున్నాడు" అన్నాడు చీఫ్. "ప్రతి బ్యాచ్‌లో ఒకడు డిఫెన్స్ ఉద్యోగి అయ్యుంటాడు. తిరిగొచ్చేలోపు ఆ ఒక్కడూ అమ్ముడుపోతాడు. ఈసారి వెంకటరత్నం. బాపట్ల మనిషి, తీరంలో కట్టిన కొత్త రాడార్ స్టేషన్‌లో ఇంజనీరు. వాళ్ళకి కావాల్సింది ఆ రాడార్ కీ కార్డు. అది చేతులు మారితే మన తీరం మొత్తం గుడ్డిదైపోతుంది. సరుకు స్పెయిన్‌లో ఇస్తాడని మన అంచనా. ఇచ్చేటప్పుడు ఇద్దర్నీ పట్టుకోవాలి."

"నేనెందుకు వెళ్ళకూడదండి?"

"రెండు నెలలు సూర్యలంక రోడ్డులో వాడి వెనకాలే తిరిగావు. వాడు బైక్ నేర్చుకుంటుంటే కొబ్బరిబోండాలవాడి వేషంలో చూస్తూ కూర్చున్నావు. నీ మొహం గుర్తుపడతాడయ్యా."

నిజమే. నిజమైనంత మాత్రాన మంట తగ్గలేదు.

"టూర్ గైడ్ ఎవరండి?"

జనార్దనరావు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. "దేవిక."

దేవిక డబుల్ ఏజెంట్. మార్కోస్ దగ్గర జీతం తీసుకుంటుంది, మనకి పని చేస్తుంది. ఆమె హెల్మెట్ తీసి జుట్టు విదిలిస్తే పక్క బండ్లవాళ్ళు సిగ్నల్ చూడటం మర్చిపోతారు. ఒకప్పుడు ఒక కేసు కోసం ఆమే, ప్రసాదూ ఒక వేసవంతా రేపల్లెలో మొగుడూ పెళ్ళాల వేషంలో కాపురం చేశారు. కేసు ముగిసిన రోజే ఆమె ఆ వేషం విప్పేసింది. ప్రసాద్ ఇంకా పూర్తిగా విప్పలేదు.

కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్న అయాజ్ లేచాడు. వయసులో చిన్న, ఎత్తులో పెద్ద. ఆరు నెలల్లో స్పానిష్ నేర్చుకున్న బుర్ర.

"నీ రూటు మొత్తం బట్టీ పట్టేశానన్నా" అన్నాడు సంబరంగా.

"జాగ్రత్త" అన్నాడు ప్రసాద్. ఆ మాట ఎవరి కోసం అన్నాడో అతనికే తెలీదు.

టూర్ మొదలైంది. తెనాలి మేడగదిలో మానిటర్ ముందు ప్రసాద్, అక్కడ కొండల్లో అయాజ్. రోజూ సాయంత్రం రిపోర్టు వచ్చేది. "టార్గెట్ నార్మల్. అన్నా, ఏం రోడ్డన్నా! తారు కాదు, పట్టుచీర పరిచినట్టుంది!" పక్కన దేవిక నవ్వు వినబడేది. ప్రసాద్ రిపోర్టు రాసుకుని, పెన్ను మూత అవసరమైన దానికన్నా గట్టిగా బిగించేవాడు.

చీఫ్‌కి రెండు మెసేజ్‌లు పెట్టాడు. ఏజెంట్ అయాజ్ గైడ్‌తో అనవసరమైన చనువు చూపిస్తున్నాడని ఒకటి. దానివల్ల ఆపరేషన్‌కి ముప్పని ఇంకొకటి.

జనార్దనరావు ఫోన్ చేశాడు. "ఇది ఇంటెలిజెన్స్ రిపోర్టా, చాడీనా?"

ప్రసాద్ చెవులు ఎర్రబడ్డాయి.

మర్నాడు పొద్దున టూర్ కంపెనీ పేజీలో ఒక ఫోటో పడింది. అంతకుముందు సాయంత్రం తీసింది. పేజీలో ఫోటోలు పెట్టడం గైడ్‌గా దేవిక పని. ఇన్నాళ్ళూ చీజ్ ప్లేట్లూ, కొండమేకలూ తప్ప ఏమీ పెట్టలేదు. ఇందులో ఆమే ఉంది. హెర్మిదా లోయ గట్టుగోడ మీద కూర్చుని నవ్వుతోంది. చెయ్యి అయాజ్ భుజం మీద ఉంది.

ప్రసాద్ ఆ చేతిని జూమ్ చేశాడు. వేళ్ళు ఊరికే ఆన్చినట్టున్నాయా, నొక్కినట్టున్నాయా? కాఫీ చల్లారిపోయింది. అయాజ్ నవ్వుని చూశాడు. ఆమె కళ్ళని చూశాడు. ఆ కళ్ళు అయాజ్ వైపు లేవు, కెమెరా వైపూ సరిగా లేవు. కొంచెం పక్కకి, రోడ్డు మీదికి ఉన్నాయి. అతని చూపు కూడా అటే జరిగింది.

అటువైపు మలుపులో ఒక బైక్. దాని మీద పసుపు హెల్మెట్, వెంకటరత్నం హెల్మెట్. బండి నేల మీదికి ఒరిగిపోయి ఉంది, మోకాలు తారుకి జానెడు దూరంలో ఉంది.

'ఎంత బాగా తిప్పాడు' అనిపించింది. ముందు ఈర్ష్య, అలవాటు కొద్దీ. ఆ వెంటనే వీపు నిటారైంది. సూర్యలంక రోడ్డులో చిన్న వంపు వస్తేనే బ్రేకు పట్టుకుని కాలు కింద పెట్టేసేవాడు వెంకటరత్నం. వాడు ఈ జన్మలో ఇలా మలుపు తిప్పలేడు.

అయాజ్‌కి ఫోన్ చేశాడు. అక్కడ ఇంకా తెల్లవారుతోంది.

"టార్గెట్ మొహం చివరిసారి ఎప్పుడు చూశావు?"

"మొన్న పొద్దున అన్నా. తర్వాత మార్కోస్ మమ్మల్ని రెండు గ్రూపులు చేశాడు. వాడు ముందు గ్రూపు, వేరే హోటలు. అయినా రోజంతా పసుపు హెల్మెట్ కనబడుతూనే ఉంది."

"హెల్మెట్ కనబడుతోందిరా. మనిషి?"

"చూడలేదన్నా" అన్నాడు అయాజ్.

"దేవిక ఏం చెప్పింది?"

"ఆవిడ ఫోన్ మార్కోస్ తీసేసుకున్నాడన్నా. వాడి మనుషులు పక్కనుంచి కదలట్లేదు. ఫోటోలు కూడా వాళ్ళ ముందే పెడుతోంది."

ప్రసాద్ పేజీ మళ్ళీ తెరిచాడు. మొదటిదాని పైన కొత్తగా ఇంకో ఫోటో పడింది, అదీ నిన్నటిదే. సాన్ గ్లోరియో కనుమ పక్కనుంచి చీలిన చిన్న రోడ్డు చివర, రాతి ఎలుగుబంటి బొమ్మ ముందు మళ్ళీ ఇద్దరూ. మళ్ళీ భుజం మీద చెయ్యి. కింద దేవిక రాసిన మాట: 'ఎండ్ ఆఫ్ ద బ్రాంచ్ లైన్! మంచు ఇక్కడ, ఎండ అక్కడ!'

ఆ కొండల మీద రైలు లేదు. రూటు గీసినవాడికి అది తెలుసు. బ్రాంచ్ లైన్ ఎక్కడ అంతమవుతుందో కూడా తెలుసు. తెనాలిలో ఎక్కి, ఆ లైను చివర దిగి, రేపల్లెలో ఆమె చేతి వంట తిన్నవాడు అతను.

చీఫ్ ఫోన్ ఎత్తగానే విసుక్కున్నాడు. "మళ్ళీ అయాజ్ గురించేనా?"

"కాదండి. వెంకటరత్నం స్పెయిన్‌లో లేడు. మన కళ్ళన్నీ అక్కడ ఉండాలని వాడి హెల్మెట్‌లో వేరేవాణ్ణి పెట్టారు. కార్డుతో ఎయిర్‌పోర్టు దాటలేక ఇక్కడే దాచుంటాడు. మొన్నటి నుంచి కనబడటం లేదు కాబట్టి ఈపాటికి దొంగ పాస్‌పోర్టుతో తిరిగొచ్చుంటాడు. రేపల్లెలో ఇస్తున్నాడు. ఇవాళే."

"ఆధారం?"

"మోకాలండి" అన్నాడు ప్రసాద్. "రాడార్ స్టేషన్ సేఫ్‌లో కార్డు ఒకసారి టెస్ట్ చేయించండి."

కాసేపటికి జనార్దనరావు గొంతు మారిపోయింది. "సేఫ్‌లో ఉన్నది డమ్మీ. బయల్దేరు. బలగాన్ని వెనక పంపిస్తాను."

ధాన్యం బ్రోకర్ వేషం వేసుకుని ప్రసాద్ బుల్లెట్ ఎక్కాడు. తెల్ల చొక్కా, పంచె, చేతిలో తేమ మీటరు. బస్తాలో గుచ్చి వడ్ల తేమ చూసే మీటర్లాగే ఉంటుంది. అసలు పని, కీ కార్డు దగ్గరికొస్తే చేతిలో వణకడం. వేమూరు, భట్టిప్రోలు దాటాయి. రోడ్డు తిన్నగా, చదునుగా, రెండు వైపులా చేలతో సాగిపోతోంది. ఈ సమయానికి అక్కడ వాళ్ళిద్దరూ ఏ కొండ ఎక్కుతున్నారో అనుకోకుండా ఉండలేకపోయాడు.

అతను రేపల్లె స్టేషన్‌లో అడుగుపెట్టేసరికి తెనాలి ప్యాసింజర్ ఆగింది. జనం గేటు వైపు తోసుకొస్తున్నారు. మీటరు చేతిలో సన్నగా వణికింది.

ఎదురుగా గుండు చేయించుకుని, నుదుట నామం పెట్టుకున్న మనిషి. చేతిలో లడ్డూల కవరు. మీసం లేదు. నడక మాత్రం వెంకటరత్నానిదే.

స్టేషన్ బయట నల్లబైక్ మీద ఒకడు ఇంజన్ ఆపకుండా కూర్చున్నాడు.

"కొండ మీద ఎలా ఉందండీ?" అని అడిగాడు.

"మంచు పడుతోందండి" అన్నాడు వెంకటరత్నం చెమట తుడుచుకుంటూ. "ప్రసాదం తీసుకోండి."

కవరు చేతులు మారింది. బైక్ దూసుకుపోయింది.

"ప్రసాదం ఇక్కడుందండీ" అంటూ ఆంజనేయప్రసాద్ వెంకటరత్నం మణికట్టుకి బేడీ తగిలించి, రెండో కొస స్టేషన్ గ్రిల్లుకి వేశాడు. వాడు నోరు తెరిచేలోపు బుల్లెట్ మీదున్నాడు.

పెనుమూడి రేవు వైపు కాలవగట్టు రోడ్డు. నల్లబైక్ జోరు ముందు బుల్లెట్ ముసలిది. దూరం పెరుగుతోంది. అంతలో లాకుల దగ్గర కాలవ మెలికలు తిరగడం మొదలైంది. ముందువాడు బ్రేకు వేశాడు. ప్రసాద్ వెయ్యలేదు. చూపు మలుపు అవతల పెట్టాడు, ఒళ్ళు వదిలేశాడు, బండి ఒరిగింది. పంచె కుచ్చిళ్ళు రోడ్డుని రాసుకున్నాయి. స్పెయిన్ మ్యాపు ముందు కూర్చుని ఎన్నిసార్లు మనసులో తిప్పాడో ఇలాంటి మలుపు! ఒకటి, వెంటనే రెండోది, అటు నుంచి ఇటు. ఆ కాసేపూ అతనికి అయాజ్ గుర్తు రాలేదు. దేవిక కూడా గుర్తు రాలేదు.

రేవులో మోటారు బోటు సిద్ధంగా ఉంది. నల్లబైక్ వాడు బండి పడేసి పరుగెత్తాడు. ఒక కాలు బోటులో పడింది, రెండోది గాలిలో ఉండగా ప్రసాద్ వాణ్ణి కాలర్ పట్టి వెనక్కి లాగాడు. ఇద్దరూ బురదలో పడ్డారు. కవరు చిరిగింది. లడ్డూలు దొర్లాయి. వాటి మధ్యనుంచి వేలెడు కార్డు నీళ్ళ వైపు జారింది. ప్రసాద్ దాని మీద కాలేశాడు. బోటు ఎవరికోసమూ ఆగకుండా వెళ్ళిపోయింది. దిగువన కోస్ట్‌గార్డ్ దానికోసం కాసుకుని ఉంది.

మధ్యాహ్నానికి స్పెయిన్ పోలీసులు మార్కోస్‌ని పట్టుకున్నారు. పసుపు హెల్మెట్ తీస్తే లోపల ఉన్నది రిటైరైన రేసర్. తెలుగు రాదు, మలుపులు వచ్చు.

అయాజ్ ఫోన్ చేశాడు. గొంతు నీరసంగా ఉంది. "నేనిక్కడ కొండలు చూస్తూ తిరిగానన్నా. అసలు పనంతా రేపల్లెలో జరిగిపోయింది. ఆవిడ నా పక్కనే ఉండి కూడా నీకే చెప్పింది. నువ్వు అదృష్టవంతుడివి."

తనని చూసి కూడా ఒకరు కుళ్ళుకోవచ్చని ప్రసాద్ ఎప్పుడూ అనుకోలేదు. చాలా హాయిగా ఉంది. ఆ హాయి దేవిక ఫోన్ తీసుకునేదాకా నిలిచింది.

"వాళ్ళ కళ్ళముందే నీకు ఎలా చెప్పాలో తోచలేదు" అంది. "మామూలు ఫోటో పెడితే అందరూ లైక్ కొట్టి పోతారు. అయాజ్ భుజం మీద చెయ్యి వేస్తే నువ్వొక్కడివి జూమ్ చేస్తావని తెలుసు."

తన మనసులో ఉన్నది ఆమెకి ఇంత బాగా తెలుసా! సిగ్గేసింది. సిగ్గు వెనకే ఆశ కూడా తలెత్తింది.

"అయితే ఆ చెయ్యి వెయ్యడం కోడేనన్నమాట" అన్నాడు తేలిగ్గా నవ్వడానికి ప్రయత్నిస్తూ.

"మొదటి రెండు ఫోటోల్లోనూ అంతే" అని దేవిక ఫోన్ పెట్టేసింది.

ప్రసాద్ పేజీ తెరిచి లెక్కపెట్టాడు. అయాజ్ భుజం మీద ఆమె చెయ్యి ఉన్న ఫోటోలు ఏడున్నాయి.