బియ్యం డబ్బా కింద దొరికిన కార్డు

పొద్దున్నే పాలు పోసి వచ్చి, సత్తెమ్మ ఇల్లు ఊడుస్తోంది. బియ్యం డబ్బా కిందికి చీపురు పోనిస్తే సన్నటి అట్టముక్క ఒకటి బయటికొచ్చింది. దాని నిండా చిన్న చిన్న చిల్లులు. ఆమె చెయ్యి ఆగిపోయింది.

పదిహేను రోజుల కిందట వానకు ఇల్లు కారుతుంటే, కూతురు ఆండాలు తెచ్చుకున్న కార్డుల పెట్టెను పక్కకు జరపబోయి సత్తెమ్మే జారవిడిచింది. కొన్ని కార్డులే పడ్డాయి. పడ్డ వరుసలోనే ఏరి పెట్టేసి, పిల్ల కోప్పడుతుందని ఎవరికీ చెప్పలేదు.

ఆండాలు యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. ప్లాస్టిక్ లాంటి వాటిలో పూసలదండల్లాంటి పొడుగాటి అణువులుంటాయట. ద్రవంలో అవి ఎంత ముడుచుకుంటాయో, ఎంత విచ్చుకుంటాయో కంప్యూటరు చేత లెక్క కట్టిస్తుంది. ఆ రోజుల్లో కంప్యూటరుకు ఇచ్చే ఆజ్ఞలన్నీ ఇలా కార్డుల మీద చిల్లులుగా పొడిచి ఉండేవి. సరిగ్గా ఈ పదిహేను రోజులుగా లెక్క తప్పుతోంది. విచ్చుకోవాల్సిన దండ ముడుచుకుపోతోంది. కార్డు పోయిందన్న అనుమానమే రాక, ఆండాలు తన సూత్రాలనే పదేపదే తిరగేసి విసిగిపోయింది.

"నాకు గా తెలివి లేదు బాపు. చదువు బంద్ చేస్త. పురానాపూల్ సంబంధమోళ్లను రమ్మను" అని నిన్ననే తండ్రితో అనేసింది.

మూడేళ్లుగా సత్తెమ్మ కోరుకున్నది ఆ మాటే. ఎదురుగా పొయ్యి మండుతోంది. కార్డు పట్టుకుని దాని ముందు కూర్చుంది.

"ఏందే గది?" అన్నాడు భర్త గుండయ్య. సంగతంతా విని గొంతు తగ్గించాడు. "గమ్మున పొయ్యిల పెట్టు. నాలుగు దినాలు ఏడుస్తది, పెండ్లయితే మర్చిపోతది."

"తెలివి లేదనుకున్నది మర్చిపోతదా? నేను చేసిన పనికి నా బిడ్డ జిందగంతా గట్ల అనుకోవాల్నా?"

సత్తెమ్మ లేచి వెళ్లి కార్డు కూతురి ముందు పెట్టింది. ఆండాలు దాన్ని చేతిలోకి తీసుకుని చూసింది.

"ఇది నీకేడ దొరికింది?"

"డబ్బా కింద. వానొచ్చిన దినం పెట్టె నేనే పడేసిన. చెప్పలే."

"పదిహేను దినాలు ఏడుస్తుంటే చూసుకుంట కూసున్నవా అమ్మా?"

"ఒకటి తక్కువైందని ఎర్క లేదు బిడ్డా." సత్తెమ్మ తల దించుకుంది. "అబద్ధమెందుకు, ఇప్పుడు దొరికినంక గూడ పొయ్యిల ఏద్దామనుకున్న."

ఆండాలు కార్డును పెట్టెలో దాని చోట దూర్చింది. పెట్టె చంకన పెట్టుకుని అన్నం తినకుండానే వెళ్లిపోయింది. సాయంత్రం వచ్చినా తల్లితో మాట్లాడలేదు.

మరునాడు దీపాలు పెట్టే వేళకు వచ్చి, వంటింట్లో తల్లి పక్కన కూలబడింది.

"దండ విచ్చుకుంది. లెక్క సరిగ్గ వచ్చింది."

సత్తెమ్మ అడిగింది. "గా ఒక్క ముక్కల ఏం రాసుంది బిడ్డా?"

"ఒక పూస ఉన్న జాగల ఇంకో పూస కూసోవద్దని. గది లేకుంటే అన్ని ఒకదాని మీదొకటి కూసున్నయి. దండ చిన్నగైంది." ఆండాలు తల్లి వైపు తిరిగింది. "నా చదువు గురించి నువ్వడిగిన మొదటి మాట ఇదే అమ్మా."

సత్తెమ్మకు కన్నీళ్లు ఆగలేదు. నిజమే. ఎప్పుడు మానేస్తావని అడిగిందే తప్ప, ఏం చేస్తున్నావని ఏనాడూ అడగలేదు. కొంగుతో మొహం తుడుచుకుని కంచంలో అన్నం పెట్టింది.

"తినుకుంట చెప్పు. గా దండ విచ్చుకుంటే ఏమైతది?"

ఆండాలు చెప్పసాగింది. గడపలో నిలబడి విన్న గుండయ్య కాసేపటికి లోపలికొచ్చి, తానూ కూర్చున్నాడు.

"పురానాపూలోళ్లకు ఇప్పుడే గాదని చెప్పొస్త" అన్నాడు. "నువ్వు మళ్ల మొదటి నుంచి చెప్పు బిడ్డా."