దేవుడి అడవి నుంచి తెచ్చిన గంట

అరుగు మీది కుర్చీ జానెడు పక్కకి జరిగి ఉంది. కరియ అలవాటు దారిలో వచ్చి దాని కాలికి మూతి కొట్టుకున్నాడు. కుయ్యిమని కూడా అనలేదు. తప్పు తనదే అన్నట్టు తోక ముడుచుకుని నిలబడిపోయాడు.

"కూర్చున్నవాళ్లకి లేచాక కుర్చీ ఉన్నచోట పెట్టడం చేతకాదా?" అని చోండవ్వ కాఫీ తోటంతా వినబడేలా అరిచింది.

ఆ ఇంట్లో ఉండేది ఆవిడా, ఆ కుక్కా. కూర్చున్నది ఆవిడే. కానీ చోండవ్వ తన తప్పు ఒప్పుకున్న రోజు కొడగు కొండల మీద ఇంతవరకూ తెల్లవారలేదు.

కరియకి పదమూడేళ్లు. రెండేళ్లుగా శుక్లాలు ముదిరి కళ్లు రెండూ ఉడికిన చేప కళ్లలా తెల్లబడ్డాయి. విరాజ్‌పేట నుంచి పశువుల డాక్టరు వచ్చి చూశాడు. ఈ వయసు గుండె మత్తుమందుని తట్టుకోదు, ఆపరేషన్ వద్దన్నాడు.

"కళ్లు పోతే చెవులున్నాయి, ముక్కుంది అవ్వా. సామాను అటూ ఇటూ జరపకండి. మెట్ల ముందు గోనెపట్టా వెయ్యండి, కాలికి తెలుస్తుంది. ముట్టుకునే ముందు పేరు పెట్టి పిలవండి, లేకపోతే ఉలిక్కిపడతాడు. మీరు ఎటు నడుస్తున్నారో వాడికి వినబడాలి. నడుముకి చిన్న గంట కట్టుకోండి."

"గంటా? నేనేమన్నా మేకనా?"

"మీకోసం కాదు, వాడికోసం."

వాడికోసం అంటే ఆవిడ నోరు మూసుకుంటుంది. గోనెపట్టాలు పరిచింది. వాసన పట్టేలా వంటింటి గుమ్మానికి నిమ్మగడ్డి నూనె రాసింది. సంతలో గంట కొని చూస్తే రేకుడబ్బాలో గులకరాయిలా మోగింది. విసిరి పారేసింది.

మంచి గంట ఒకటుండేది. పుట్టింటివాళ్లు వేటకుక్కతో పాటు ఇచ్చిన కంచు గంట. దాన్ని పన్నెండేళ్ల కిందట మరిది ఉత్తయ్య అడక్కుండా పట్టుకుపోయాడు. తన కుక్క బోళ అడవిలో తప్పిపోతే, దారి తెలిసి తిరిగి రావాలని మొక్కుకుని, దేవుడి అడవిలో మట్టికుక్కని పెట్టి దాని మెడకి కట్టాడు. బోళ రాలేదు. గంటా రాలేదు. ఆ రోజు నుంచి చోండవ్వ ఉత్తయ్య గడప తొక్కలేదు.

వేటదేవుడికి మట్టికుక్కలు ఇచ్చే అడవి అది. అక్కడ ఇచ్చింది తిరిగి తెచ్చుకోకూడదు. ఎండుటాకైనా సరే. ఆ సంగతి చోండవ్వకి తెలియక కాదు.

"నన్నడిగి ఇచ్చాడా? అడక్కుండా ఇచ్చింది ఇచ్చినట్టు కాదు" అనుకుని ఒక పొద్దున గొడుగేసుకుని వెళ్లింది. నాచు పట్టిన ఎర్రమట్టి కుక్కలు వందల కొద్దీ చెట్ల మొదళ్లలో ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉన్నాయి. మెడలో గంట ఉన్నది ఒక్కటే. తాడు పుటుక్కున తెంపింది.

గంట పనిచేసింది. ఎనిమిది రోజులు కరియ ఆవిడ కొంగు పట్టుకున్న పిల్లాడిలా వెనకే తిరిగాడు. ఒక్క గోడకి తగల్లేదు. "చూశావా, నీ తమ్ముడు మట్టిపాలు చేసిన గంట" అని ఆవిడ పోయిన మొగుడి పటానికి కూడా వినిపించింది.

తొమ్మిదో రోజు. కక్కడ నెల, నడి వర్షాకాలపు వాన. మధ్యాహ్నం మూడింటికే ఇంట్లో చీకటి కమ్మింది. పెంకుల మీద వాన హోరు, తడిసిన కట్టెల పొగ, కాలుతున్న పనసగింజల వాసన. చోండవ్వ పొయ్యి ముందు కదలకుండా కూర్చుంది. నడుముకున్న గంట కూడా కదల్లేదు.

కరియ తలెత్తాడు.

చెవులు నిక్కించాడు. లేచాడు. వంటింట్లోంచి నడవలోకి నడిచాడు... నాలుగడుగులు వేసి ఆగాడు. మళ్లీ నడిచాడు. ముందు ఎవరో నడుస్తుంటే, వాళ్లు ఆగినప్పుడల్లా తనూ ఆగినట్టు.

"కరియా... ఎక్కడికిరా?"

వాడు వినలేదు. తల కొంచెం పైకెత్తి నిలబడ్డాడు. నెత్తి మీది బొచ్చు మెల్లగా అణిగింది. చెవుల మధ్య నుంచి మెడ దాకా. మళ్లీ ఇంకోసారి. ఎవరో నిమిరినట్టు.

పేరు పిలవకుండా ముట్టుకుంటే ఎగిరిపడే కుక్క. ఇప్పుడు ఉలిక్కిపడలేదు.

అంటే... ముందు పిలిచారు.

"ఎవరది?" అంది.

గంట విప్పి బియ్యం పెట్టెలో కుక్కింది. అయినా వాడు ఆగలేదు. గోనెపట్టా మీద కాలు ఆనించి మెట్లు దిగాడు. వానలో దేవుడి అడవి వైపు నడిచాడు. ఆవిడ పరిగెత్తింది, జారింది, పడింది. లేచేసరికి వాడు కాఫీ మొక్కల మధ్య కనబడలేదు.

వెనక్కి వచ్చి గంట తీసుకుని, పన్నెండేళ్లుగా తొక్కని గడప ముందు నిలబడింది.

"వదినా?" ఉత్తయ్య నోరు తెరిచాడు. "నువ్వేనా, నీ దెయ్యమా? నేను పోయాకే వస్తానన్నావు కదా!"

"ఎకసెక్కాలు తర్వాత ఆడుదువుగాని. నా కరియ దేవుడి అడవికి పోతున్నాడు." గుప్పిట విప్పింది. "నేనే తీశాను."

ఆయన గంట చూశాడు. నవ్వు మొహంలోనే ఆరిపోయింది. టార్చి తీసుకున్నాడు.

దేవుడి అడవిలో వాన తక్కువ, చీకటి ఎక్కువ. టార్చి వెలుగులో మట్టికుక్కల నడుమ కరియ తిరుగుతున్నాడు. గుడ్డివాడు. ఎన్నడూ రాని చోటు. అడుగుకొక మట్టికుక్క. ఒక్కదానికీ తగలకుండా తిరుగుతున్నాడు...

"పిలవకు వదినా," ఉత్తయ్య చెవిలో అన్నాడు. "ముందు ఇచ్చెయ్యి."

తెగిన తాడున్న మట్టికుక్కని వెతికి గంట కట్టింది. తడి తాడు, ముడి మూడుసార్లు జారింది.

"తప్పు నాదే," అంది. "నీది నువ్వు తీసుకో. నావాణ్ణి నాకియ్యి."

టార్చి ఆరిపోయింది. ఉత్తయ్య దాన్ని అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాడు. వెలగలేదు. ఆ చీకట్లో తడి మూతి ఒకటి వచ్చి ఆవిడ మోకాలికి ఆనింది.

చీర కొంగు వాడి మెడకి ముడేసి ఇంటికి తీసుకొచ్చింది. దారంతా తిట్టింది, దారంతా ఏడ్చింది. పొయ్యి దగ్గర కూర్చోబెట్టి పాతగుడ్డతో తుడిచింది. ఎర్రమట్టి వచ్చింది. గుడ్డ పిండి మళ్లీ తుడిచింది. మళ్లీ ఎర్రమట్టే.

దీపం దగ్గరకి జరిపింది. కుక్క ఆవిడ వైపు చూసింది.

కళ్లు నల్లగా ఉన్నాయి. పొర లేదు. రెండు కళ్లలో రెండు దీపాలు.

"చూస్తున్నాడు ఉత్తయ్యా! నన్ను చూస్తున్నాడురా!"

ఉత్తయ్య లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడి, వానలోకి చెవి పెట్టి ఉన్నాడు.

"వదినా... గట్టిగా మాట్లాడకు. విను."

లోయలోంచి మొరుగు వినబడింది. ముసలి మొరుగు, బొంగురుగా. రెండుసార్లు మొరిగి, దగ్గి, జవాబు కోసం ఆగింది. మళ్లీ రెండుసార్లు. దారి తెలియక, ఎటు రావాలో అడుగుతున్నట్టు.

పదమూడేళ్లు విన్న గొంతు. చోండవ్వ గుమ్మంలోకి వచ్చి, చీకట్లోకి, గుండె చీలేలా పిలిచింది.

"కరియా!"

పొయ్యి దగ్గర కుక్క తోక ఆడించింది.

బయట మొరుగు ఆగిపోయింది.