ఓడిపోయేవాళ్ళ వైపు

పొద్దున్నే దర్జీ చొక్కాల మూట గుమ్మంలో దించి, సాయంత్రానికల్లా కాజాలు అయిపోవాలని చెప్పి వెళ్ళిపోయాడు. కుట్టిన చొక్కాలకు కాజాలు తియ్యడం, గుండీలు వెయ్యడం అమ్మ పని. రోజూ ఆ మూటను తనే ఎత్తి కిటికీ పక్క బల్ల మీద పెట్టుకునేది. ఆ రోజు మాత్రం కాలితో నెట్టుకుంటూ తీసుకెళ్ళింది.

కూతురు టీ తాగుతూ అది చూసింది. ఇంట్లో ఆమె పేరు పిట్ట. చిన్నప్పుడు తిండి పెట్టబోతే గింజ కొరికి పారిపోయేదని పెట్టిన పేరు. తల్లీకూతుళ్ళు ఇద్దరే ఉండే ఆ ఇంట్లో పిలిచే మనిషి అమ్మ ఒక్కతే అయినా ఆ పేరు అరగలేదు.

"చెయ్యి పట్టేసింది, అంతే," అంది అమ్మ అడక్కముందే.

అమ్మ జుట్టు కూడా రెండు మూడు రోజులుగా దువ్వినట్టు లేదు. దుకాణానికి వెళ్ళేలోపు చిక్కు తీసేద్దామని పిట్ట దువ్వెన తెచ్చి వెనక కూర్చుంది. ముందు రోజు చూసిన సీరియల్లో సేనాపతి సంగతి ఎత్తింది. నమ్మిన రాజే తనను పట్టించాడని తెలిసి కూడా ఆ మనిషి కత్తి కింద పెట్టేసిన తీరు అమ్మకు ఇంకా మింగుడు పడలేదు.

పిట్ట కళ్ళద్దాల దుకాణంలో పని చేస్తుంది. సాయంత్రం ఇంటికి రాగానే ఫోన్‌ను గోడకు ఆనించి ఏదో ఒక సీరియల్ పెడుతుంది. కొరియావి, చైనావి, జపాన్‌వి. ఆ మాటలు ఇద్దరికీ రావు. కింద పడే ఇంగ్లీషు అక్షరాలు చదివి పిట్ట తెలుగులో చెబుతుంటే, అమ్మ సూది ఆడిస్తూ ఆ ముఖాలే చూస్తూ ఉండేది. నాయకుడూ నాయికా ఆమెకు పెద్దగా పట్టేవారు కాదు. ప్రేమించినదాన్ని వేరొకరికి అప్పగించి వానలో నిలబడే కాపలావాడు, అన్న చేతిలో విషం తాగే చిన్న రాకుమారుడు, అలాంటివాళ్ళ కోసం ముందుకు వంగేది.

"గెలిచేవాళ్ళని చూసేదేముందే," అనేది. "వాళ్ళకి రాజ్యముంది, పెళ్ళాముంది. మనం చూడకపోయినా జరిగిపోతుంది. ఓడిపోయేవాడికే మనం కావాలి."

అయితే వాళ్ళ కోసం ఏడ్చి ఏడ్చి అమ్మ వేలికి సూది గుచ్చుకోవడం పిట్ట చూడలేకపోయింది. మెల్లగా కథలకు మరమ్మతు మొదలుపెట్టింది. కాపలావాడు కొండ మీంచి పడితే, కింద ఏరుంది, ఈదుకుంటూ పోయాడని చెప్పేది. రాకుమారుడు తాగింది నిద్రమందు అయ్యేది. అమ్మ 'ఊఁ, మంచి పని చేశాడు' అని దారం తెంపేది. అబద్ధం కూడా ఇంట్లో చేసే వంటలాంటిదే, తినేవాళ్ళు బాగుండాలి అంతే, అనుకునేది పిట్ట.

చిక్కు తీశాక, జడ అల్లడానికి పిట్ట అమ్మ చెయ్యి పక్కకు జరపబోయింది. అమ్మ నోట్లోంచి చిన్న మూలుగు వచ్చింది. పట్టేసిన నరం దొరుకుతుందేమోనని పిట్ట చంక కింద తడిమింది. వేళ్ళకు గట్టిగా గడ్డ తగిలింది. రేగుపండంత కాదు, నిమ్మకాయంత. దాని పక్కన రొమ్ము మీద, నైటీ లోపల, మడత పెట్టిన మెత్తటి గుడ్డ ఉంది. గుడ్డ తడిగా ఉంది.

పిట్ట దువ్వెన కింద పెట్టింది. ఎప్పటినుంచి అని అడిగింది. చలి తగ్గకముందు నుంచే అని అమ్మ చెప్పింది. అప్పుడు చిన్నదే, నొప్పి కూడా లేదు, అదే పోతుందనుకుంది. ఇప్పుడే ఆసుపత్రికి పోదాం లెమ్మని పిట్ట చెయ్యి పట్టుకుంటే అమ్మ కదల్లేదు. పెద్దమ్మ ఇలాగే నడుచుకుంటూ ఆసుపత్రి లోపలికి వెళ్ళిందనీ, తర్వాత చిక్కి శల్యమైన ఆమెను గుర్తుపట్టడానికి గాజులు చూసుకోవలసి వచ్చిందనీ అంది. ఇంక ఆలస్యమైపోయింది, నా మానాన నన్ను వదిలెయ్యి అంది.

పిట్ట బతిమాలింది, తిట్టింది, కాళ్ళు పట్టుకుంది. అమ్మ గోడలా కూర్చుంది. సూది తీసుకుని దారం ఎక్కించబోయింది కూడా.

అప్పుడు పిట్టకు ఎండుచేపల దుకాణం ఆవిడ సీరియల్ గుర్తొచ్చింది. చలికాలంలోనే చూశారు దాన్ని. ఆ తల్లి జబ్బు కూతురికి చెప్పకుండా దాచుతుంది. చివరికి మందులు వాడి తేరుకుందని పిట్టే చెప్పింది. అమ్మ ఆ ఆశ పెట్టుకునే దాచిందేమో. తన చేతులారా అమ్మను ఇంతదాకా తెచ్చిందేమో.

"అమ్మా, ఆ చేపలావిడ బతకలేదే. నేను నీకు..."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"ఆఖర్న అందరూ నల్లబట్టలేసుకుంటే, వాళ్ళ మేనత్త పోయిందన్నావు. మేనత్త పోతే తల్లి ఫోటో పెడతారటే?"

పిట్ట గొంతులోంచి నవ్వో ఏడుపో తెలియని శబ్దం వచ్చింది.

"చదవడం రాకపోతే ముఖాలు కూడా తెలియవా?" అంది అమ్మ. "కాపలావాడూ పోయాడు, ఆ చిన్న పిల్లాడూ పోయాడు. నువ్వు నాకోసం అంత కష్టపడి బతికిస్తుంటే కాదని ఎందుకనాలి? నువ్వు చెప్పేవీ బాగుండేవి. పక్కన కూర్చుని నువ్వు నవ్వుతూ చెబుతుంటే నాకు చాలనిపించేది. నా సంగతి తెలిస్తే ఆ నవ్వు పోతుంది. అందుకే చెప్పలేదు."

పిట్ట అమ్మ ఎదురుగా నేల మీద చతికిలబడింది. అమ్మకు అన్నీ తెలిసినా ఒక్కటి మాత్రం తెలియదు. ఆ సీరియల్లో కూతురు ఏడుస్తూ ఏమందో తెలియదు. ఆ రోజు పిట్ట ఆ మాటలు చదివి మింగేసింది.

"ఫోటో ముందు ఆ పిల్ల ఏమందో చెప్పనా?"

అమ్మ తలెత్తింది.

"నీకు నొప్పి పుట్టినప్పుడు నేను పక్క గదిలోనే ఉన్నానమ్మా. నవ్వుతూ ఉన్నాను. ఆ నవ్వుని ఇప్పుడు నేనేం చేసుకోను, అంది."

బయట ఎవరో సైకిల్ గంట కొట్టుకుంటూ పోయారు. అమ్మ సూదీ దారం పక్కన పెట్టేసింది.

"నిజంగా ఆ పిల్ల అన్నదేనా? నువ్వేమైనా కలిపావా?"

"ఒక్క ముక్క కలపలేదు. అందుకే ఆ రోజు నోరు రాలేదు."

అమ్మ కూతురి ముఖంలోకి చూసింది, సీరియల్లో ఓడిపోయేవాళ్ళను చూసినట్టు, ముందుకు వంగి. తను ఇన్నాళ్ళూ దాచి కాపాడాననుకున్న సాయంత్రాలన్నీ ఈ పిల్లకు రేపు ముళ్ళవుతాయని అప్పుడే తట్టినట్టుంది. కళ్ళు నిండాయి గానీ తుడుచుకోలేదు.

ఆసుపత్రిలో ఏమంటారో, ఆలస్యమైందో లేదో ఇద్దరికీ తెలియదు. అంతా బాగైపోతుందన్న మాట పిట్ట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట ఆపుకుంది.

"తల మీంచి తొడుక్కునేవి నావల్ల కాదు," అంది అమ్మ చివరికి. "ముందువైపు గుండీలుండేదేదైనా తియ్యి, వెళ్దాం."

పిట్ట తన చొక్కా తెచ్చింది. ఒక్కో చెయ్యీ మెల్లగా దూర్చింది. కుడిచెయ్యి సగం దూరాక అమ్మ ఆగిపోయి, కూతురి భుజం మీద తల పెట్టేసింది.

"నొప్పిగా ఉందే, పిట్టా. చాలా నొప్పిగా ఉంది."

"చెప్పమ్మా," అంది పిట్ట ఏడుస్తూ. "ఎక్కడెక్కడో అన్నీ చెప్పు."

అమ్మ చెప్పడం మొదలుపెట్టింది.