పసరు వాసన

మంగళవారం వచ్చిందంటే చిత్తూరులోని ఆ ఇంట్లో వరదమ్మకు తెల్లారకముందే హడావిడి. కొడుకు మునికుమార్‌కు కామెర్లు. పల్లెలో నాటువైద్యుడు పోసే పసరుకు వాణ్ని పరగడుపునే బస్సెక్కించాలి, తిరిగొచ్చేసరికి ఉప్పూ కారం లేని పత్యం వండిపెట్టాలి. నాలుగు నెలలుగా ఇదే వరస.

పాపం, ఆమెకేం తెలుసు! అవి ఉత్త కామెర్లు కావు. కోర్టు ముందు కూర్చొని ఊరందరి అర్జీలూ టైపు కొట్టే మునికుమార్ పదేళ్లుగా తాగి తాగి లివరు పాడుచేసుకున్నాడు. ఇంక తాగితే ప్రాణానికి పూచీ లేదని తిరుపతి డాక్టరు మొహం మీదే చెప్పాడు. తిరిగొచ్చే దారి పొడుగునా ఏడ్చిన భార్య లోకేశ్వరి, గడపలో అత్తను చూడగానే "కామెర్లంట అత్తా" అనేసింది. మొగుడి పరువు నిలబెట్టాననుకుంది, పిచ్చిది.

మామూలుగా మొగుడు పసరుకు పోయొచ్చే వేళకు ఆమె మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో ఉంటుంది. ఈ మంగళవారం సెలవు. పదకొండింటికి మునికుమార్ వచ్చాడు. కళ్లు పచ్చగా ఉన్నాయి, ఉబ్బిన కాళ్లకు చెప్పులు పట్టడం లేదు. దగ్గరికి రాగానే వాసన గుప్పుమంది.

"యాడికి పోయినావు?"

"పసరుకే."

"మానేస్తానని మొన్ననే కదా ఒట్టేస్తివి! నా కండ్లల్లోకి సూసి చెప్పు."

వరదమ్మ పత్యం గిన్నెతో వంటింట్లోంచి వచ్చింది. "వచ్చీరాంగానే వాణ్ని నిలదీస్తావేంది లోకా? వారం వారం ఆ వాసన వస్తానే ఉండాది. పసరు వాసన అది. కూర్చో నాయనా, తిను."

వారం వారమా! లోకేశ్వరికి అంతా అర్థమైంది. అబద్ధం తను ఆడింది, దాన్ని నమ్మి అత్త బస్సెక్కించింది, వాడు దర్జాగా పోయి తాగొచ్చాడు.

"ఆ గిన్నె కింద పెట్టు అత్తా." ఆమె గొంతు పెరగలేదు. "అది పసరు కాదు, మందు. తాగి లివరు చెడిపోయిందని డాక్టరు ఆ పొద్దే చెప్పినాడు. నేనే నీకు అబద్ధం చెప్పినా."

వరదమ్మ కూలబడింది. "నా చేతులారా నేనే పంపిస్తినే! ఒక్క మాట చెప్పకూడదా?"

"నీ గుండె పగులుతాదని..."

"ఇప్పుడు పగల్లేదా?"

మునికుమార్ తలెత్తకుండానే అన్నాడు: "మానాలనే ఉండాది లోకా. పొద్దున లేస్తే చేతులు వణుకుతాయి. కొంచెం పడితే గానీ అక్షరం కొట్టలేను."

"ఆ సంగతి డాక్టరుతో చెప్పినావా?"

"సిగ్గేసింది. మానేసినానని చెప్పినా."

"మంచి జోడీ కుదిరినాం ఇద్దరం!" లోకేశ్వరికి నవ్వు రాబోయి ఏడుపొచ్చింది. "ఆస్పత్రిలో పెట్టుకోని మందులిచ్చి మాన్పిస్తారంట. రేపు పోదాం. నేను పక్కనే ఉంటా. తాగుడు మానే పని మటుకు నీది, అది నేను చెయ్యలేను. నీ కోసం ఇంక ఎవురికీ అబద్ధమూ చెప్పను."

అంతలో ఫోను మోగింది. గూడూరు నుంచి ఆడబిడ్డ సుజన. "ఆదివారం చిన్నోడికి చెవులు కుట్టిస్తాండాం, అందరూ రావాల. తమ్ముడికి కామెర్లు తగ్గినాయా లోకా?"

అలవాటు కొద్దీ "ఆ..." అనబోయి లోకేశ్వరి ఆగిపోయింది. మునికుమార్ చెయ్యి చాపి ఫోను తీసుకున్నాడు.

"అక్కా, నాకు తాగుడు వల్ల వచ్చింది ఇది. లివరు చెడిపోయింది. ఈ పొద్దు గూడా తాగినా. రేపు ఆస్పత్రిలో చేరతా, ఆదివారానికి రాలేను. ఇంకెప్పుడన్నా వస్తే నా ముందర గ్లాసు పెట్టద్దని బావకు చెప్పు."

అవతల సుజన ఏమందో లోకేశ్వరికి వినబడలేదు. నాలుగు నెలల ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు.

వరదమ్మ గోడ పట్టుకొని లేచి, కోడలిని దగ్గరికి లాక్కుంది.

"ఏడువు తల్లీ, ఒక్కదానివే మోసినావు. రేపు తొలి బస్సుకు ముగ్గురం పోదాం."