చంటిబిడ్డలకు ఎన్ని చుక్కలు

సౌదీలోని దమ్మామ్‌లో మా ఇల్లు రెండో అంతస్తులో ఉండేది. వంటింటి కిటికీలోంచి చూస్తే పోర్టు క్రేన్ల ఎర్రదీపాలు కనిపించేవి. నేను ఒక కంపెనీ గోదాములో స్టోర్‌కీపర్‌ని. పొద్దుటినుంచి సాయంత్రం దాకా పెట్టెలమీది అరబ్బీ అంకెలు చదివి రిజిస్టరులో ఎక్కించడమే పని. ఏడేళ్ళలో ఒక్క అంకె తప్పు పోలేదు. గొప్పకు చెప్పడం లేదు. జరిగింది అర్థం కావాలంటే ఇది తెలియాలి.

ఏదైనా మూడుసార్లు చూడటం నాకు అలవాటు. గ్యాసు కట్టానా, తలుపు గొళ్ళెం పడిందా, పిల్లల పాలు చల్లారాయా. "మూడు ముళ్ళూ వేశాక కూడా గట్టిగా లాగి చూసిన మనిషి ఈయన" అని మా ఆవిడ కాత్యాయని అందరికీ చెప్పి నవ్వించేది.

తొంభయ్యొకటి జనవరిలో ఇరాక్‌తో యుద్ధం మొదలైంది. విషపు గ్యాసు బాంబులు పడతాయన్నారు. కంపెనీ మాస్కులు ఇచ్చింది. పడకగది కిటికీలకి ప్లాస్టిక్ పట్టా కట్టి, అంచులన్నీ టేపుతో మూసేశాను. కొవ్వొత్తి పట్టుకుని గోడల వెంట తిరిగి ఎక్కడా మంట కదలడం లేదని మూడుసార్లు చూసుకున్నాను. సైరన్ మోగితే మేం నలుగురం, ఎదురింటి మేరాజ్ బేగం ఆ గదిలో చేరేవాళ్ళం. ఆవిడది నిజామాబాదు. ఇక్కడ ఒక క్లినిక్‌లో నర్సు. భర్త అవతలి తీరంలో యాన్‌బులో చిక్కుకుపోయాడు. పిల్లలు లేరు.

మాస్కులు నాలుగు. మా బాబు శ్రీహర్షకి కూడా ఎలాగో బిగించాం. పాప వర్షకి ఏడు నెలలు. అంత చిన్న మాస్కు లేదు. తడి తువ్వాలు ఒక్కటే ఆధారం.

సైరన్ మొదలైతే వర్ష ఏడుపూ మొదలయ్యేది. ఊపిరి తిరక్క ముఖం నల్లబడేదాకా ఏడ్చేది. నేను ఆ ఏడుపు వింటూ ఒకటే లెక్క వేసుకునేవాణ్ణి. ఏడ్చే బిడ్డ గాలి ఎక్కువ పీలుస్తుంది. నిద్రపోయే బిడ్డ తక్కువ పీలుస్తుంది.

మా అమ్మ కాకినాడనుంచి పంపిన డబ్బాలో వాము, వసకొమ్ము, వాటికింద గుడ్డలో చుట్టిన నీలం సీసా ఉంది. 'శిశురోగ స్పెషలిస్టు డాక్టర్ అరుణగిరి గారి నిద్రాసుధ, చెన్నపట్నం.' విక్టోరియా రాణి నాటిది. తలపాగా, పొడుగు కోటు తొడుక్కున్న డాక్టరు ఒక చేత్తో జేబు గడియారం పట్టుకుని ఉయ్యాల పక్కన కూర్చున్న బొమ్మ. మూడు తరాల పిల్లలు దీనితోనే నిద్రపోయారని అమ్మ రాసింది. మా నాయనమ్మ బిడ్డల్లో ముగ్గురు నిద్రలోనే పోయారన్నది మాత్రం రాయలేదు. అడుగున చిన్న అక్షరాల్లో 'నల్లమందు సత్తు' అని ఉంది. కస్టమ్స్ వాళ్ళ కంటపడి ఉంటే జైలే. పారేద్దామనుకుంటూనే మందుల పెట్టెలో అడుగున దాచాను.

ఆ రాత్రి ఎనిమిదిన్నరకి సైరన్ మోగింది. అన్నం కంచాలు వదిలేసి గదిలోకి పరుగెత్తాం. తలుపుకి టేపు వేశాను. దీపం ఆర్పేశాను. వర్ష అందుకుంది. దూరంగా ఏదో పేలింది. ప్లాస్టిక్ పట్టా ఒకసారి లోపలికి ఉబ్బి వెనక్కి వెళ్ళింది.

నేను మందుల పెట్టెలోంచి సీసా తీసి, మూలకి తిరిగి, మాస్కు నుదుటిమీదికి ఎత్తి, టార్చిలైటు వేళ్ళమధ్య దాచుకుని సీసా మీది కాగితం చదివాను. పెద్దలకు ౧౨ చుక్కలు. పదేళ్ళవారికి ౮. చంటిబిడ్డలకు ౦. మూడుసార్లు చదివాను. పన్నెండు, ఎనిమిది, అయిదు. చెంచాలోకి అయిదు చుక్కలు పోశాను.

"ఏవిటండీ అది?" మాస్కులోంచి కాత్యాయని.

"వాము నీళ్ళు."

వర్ష చప్పరించింది. సోంపు వాసన, దాని వెనక కుళ్ళిన బెల్లం లాంటి వాసన. కాసేపటికి ఏడుపు సన్నబడింది. తర్వాత ఆగిపోయింది.

"అల్లా దయ. పండుకున్నది బిడ్డ" అంది మేరాజ్ బేగం.

నేను మాస్కు దించుకుని గోడకి ఆనుకున్నాను. చీకట్లో ఊపిరి చప్పుళ్ళు మాత్రమే మిగిలాయి. మాస్కులోంచి పీల్చే ఊపిరి గురకలా ఉంటుంది. కాత్యాయనిది ఒకటి. బాబుది ఒకటి. మేరాజ్ బేగంది. నాది.

ఇంకొకటి ఉంది.

గురక లేదు దానికి. మాస్కు లేని ఊపిరి. పెద్ద మనిషిది. మెల్లగా, నింపాదిగా… పాప పడుకున్న వైపునుంచి. దాంతోపాటు టిక్… టిక్… టిక్. మా గదిలో గడియారం లేదు. టేపు వేసిన తలుపు వేసినట్టే ఉంది.

సోంపు వాసన దగ్గరికొచ్చింది. నా చెవి పక్కనే ఎవరో మాట్లాడారు. మాస్కులోంచి వచ్చే మాట డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. ఈ మాట అలా లేదు. స్పష్టంగా ఉంది.

"అయ్యా… అది సున్న."

టార్చి వేశాను. ఎవరూ లేరు. వెలుగు సీసా మీద పడింది. చంటిబిడ్డలకు ౦. తెలుగు సున్న. అరబ్బీలో సున్న అంటే చుక్క ఒక్కటే. అరబ్బీలో గుండ్రంగా చుట్టిన అంకె… అయిదు. ఏడేళ్ళుగా రోజూ వందలసార్లు చదివిన అయిదు. మొదటి రెండంకెలూ తెలుగులో చదివిన నా కళ్ళు మూడోదాన్ని గోదాములో చదివినట్టు చదివాయి. మూడుసార్లూ అలాగే చదివాయి. ఆ సున్నకి చంటిబిడ్డలకు ఇవ్వరాదని అర్థం.

"వర్షా…"

కదల్లేదు. పెదవులు నీలంగా ఉన్నాయి. మేరాజ్ బేగం మాస్కు పీకేసి పాప కనురెప్ప ఎత్తింది.

"సూది మొన లెక్క అయినయి కండ్లు! ఏమన్న తాపిన్రా భాయ్?"

"లేదు."

టేపు చింపేసి సైరన్ మోగుతుండగానే కారులో ఆస్పత్రికి వెళ్ళాం. డాక్టరు పాప కళ్ళు చూశాడు. చూడగానే వెనక్కి జరిగాడు. విషవాయువు తగిలినా కనుపాపలు అలాగే సూదిమొనంత అవుతాయట. "గాజ్!" అని అరిచాడు. వార్డంతా లేచింది. నర్సులు మాస్కులు వెతుక్కుంటున్నారు, ఎవరో పెద్దగా ప్రార్థన చేస్తున్నారు. డాక్టరు ఇంజెక్షన్ ఎక్కిస్తూ, వేళ్ళు ఎత్తి చూపిస్తూ నన్ను అడిగాడు. ఏమైనా మందు ఇచ్చారా? ఎన్ని చుక్కలు?

"సిఫర్" అన్నాను. అరబ్బీలో సున్న.

గ్యాసుకి ఇచ్చే మందు ఎక్కుతోంది. నా బిడ్డకి పట్టింది గ్యాసు కాదు. ఒక్క మాట చెబితే చాలు. ఆ మాట చెబితే నేను జైలుకి పోతాను, ఆపైన ఏమవుతుందో… నోరు తెరిచాను. మళ్ళీ మూసుకున్నాను. ఎక్కడో టిక్ టిక్‌మని వినిపిస్తోంది.

మేరాజ్ బేగం వంగి పాప నోరు వాసన చూసింది. నావైపు చూసింది. నన్ను పక్కకి లాగి గుసగుసగా అంది. "నీకు ఇద్దరు పిల్లలున్నరు. నాకెవరున్నరు?"

తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్ళి అరబ్బీలో చెప్పింది. తప్పు తనదేనని. క్లినిక్‌లో ఇచ్చే, నల్లమందు సత్తు ఉండే దగ్గుమందు సాయంత్రం తెలియక పాపకి ఎక్కువ తాగించానని. డాక్టరు ఆవిణ్ణి ఏదో తిట్టి, వేరే ఇంజెక్షన్ తెమ్మన్నాడు.

తెల్లవారుజామున వర్ష ఏడ్చింది. అంత అందమైన ఏడుపు నేను మళ్ళీ వినలేదు.

ఇరవై రోజులకి మేరాజ్ బేగం పాస్‌పోర్టులో ఫైనల్ ఎగ్జిట్ ముద్ర పడింది. ఇక ఈ దేశానికి రాకూడదు. ఎయిర్‌పోర్టులో కాత్యాయని ఆవిడ మొహం చూడలేదు. నేను పట్టింది వాము నీళ్ళేనని, తన బిడ్డను చంపబోయింది ఆవిడేనని ఈనాటికీ అనుకుంటుంది. నేను పెట్టె మోశాను. ఆవిడ "పిల్లలు జాగ్రత్త భాయ్" అంది. అంతే.

సీసాని సముద్రపు ఒడ్డున రాయికేసి కొట్టాను. కాగితాన్ని కాల్చేశాను. అది కాలిందని మూడుసార్లు చూశాను. ఎవరికీ చెప్పలేదు. ఏ అంకె ఎలా చదివానో కాత్యాయనికి కూడా తెలియదు.

ఆరేళ్ళు గడిచాయి. ఒక శుక్రవారం మధ్యాహ్నం. ఇల్లంతా వెలుగు. కాత్యాయని వంటింట్లో పప్పు తాలింపు వేస్తోంది. వర్ష నేలమీద బోర్లా పడుకుని పలకమీద ఒకే అంకె వరసగా రాస్తోంది. ౦ ౦ ౦ ౦ ౦.

"ఏంటమ్మా అది?" అన్నాను.

"బళ్ళో అయితే అయిదు. అమ్మ నేర్పిన దాంట్లో సున్న." నవ్వింది. "నువ్వు తప్పు చదివావట కదా నాన్నా?"

"…ఎవరు చెప్పారు?"

"తలపాగా తాత."

వంటింట్లో తాలింపు చిటపటలు ఆగిపోయాయి. టిక్… టిక్…

వర్ష లేచి నా దగ్గరికొచ్చింది. చేతిలో చెంచా ఉంది. ఖాళీ చెంచా. దగ్గరికి తెచ్చేసరికి సోంపు వాసన కొట్టింది.

"నోరు తెరువు నాన్నా. పెద్దవాళ్ళకి పన్నెండట."

వద్దనవచ్చు. చెంచా లాక్కోవచ్చు. మేరాజ్ బేగం పెట్టె మోసిన చేతులు ఒళ్ళో అలాగే ఉండిపోయాయి.

నోరు తెరిచాను.

చెంచాలో ఏమీ లేదు. మూడుసార్లు చూశాను. అయినా నాలుకమీద ఒక్కొక్కటిగా పడుతుంటే లెక్కపెట్టాను. సరిగ్గా పన్నెండు.